రేపటి హెలికాప్టరు: వేగమునకు చెల్లించు వెల

విమానము నేలను వీడుటకు పొడవైన పరుగుబాట కావలెను. హెలికాప్టరునకు పంట నూర్చు కళ్ళమంత చోటున్న చాలును. అది గాలిలో ఒక్కచోటనే నిలిచి యుండగలదు. వరదలో చిక్కి మిద్దెలెక్కిన వారిని కాపాడునది ఈ గుణమే. సైన్యములందు ప్రత్యేక దళములనబడునవి కొన్ని కలవు. కొలదిమంది మాత్రమే రాత్రివేళ శత్రుభూమిలో దిగి, బందీలను విడిపించుట వంటి కార్యము ముగించి, తెల్లవారక మున్నే మరలివచ్చుట వాని పని. అట్టివారికిని హెలికాప్టరే ప్రాణాధారము. ఈ దళములకై రాబోవు తరపు యంత్రమును అమెరికాలో ఎట్లు రూపొందించుచున్నారో, అందలి చిక్కులెట్టివో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఈ యోచనకు మూలము ఒక పరాజయము. 1979 నవంబరులో ఇరాను రాజధాని టెహరానులోని అమెరికా రాయబార కార్యాలయము ఆక్రమణకు గురియయ్యెను. అందలి బందీలను విడిపించుటకై 1980 ఏప్రిలు 24వ తేదీన నిమిట్జ్ అను విమానవాహక నౌకనుండి ఎనిమిది హెలికాప్టరులు బయలుదేరెను. సముద్రమునుండి టెహరానునకు ఒక్క ఊపున పోగల శక్తి వానికి లేదు. కావున నడుమ ఎడారిలో దిగి, రవాణా విమానములు తెచ్చిన ఇంధనమును నింపుకొనవలసి యుండెను. ఒక్క రాత్రిలో పని ముగియదు గనుక రెండు రాత్రుల పథకము వేసికొనిరి. కార్యము సాగుటకు కనీసము ఆరు హెలికాప్టరులు కావలెనని నిర్ణయము.

దారిలో ఒకదాని రెక్కకు పగులు కలిగినట్లు హెచ్చరిక కనబడగా దానిని విడిచిరి. దుమ్ము తెరలలో పరికరములు చెడి మరియొకటి వెనుకకు మరలెను. ఎడారి మజిలీ చేరిన ఆరింటిలో ఒకదాని హైడ్రాలిక్ వ్యవస్థ పనిచేయకపోయెను. మిగిలినవి అయిదు. ప్రయత్నమును మానుకొనిరి. తిరుగుప్రయాణపు సన్నాహములో ఒక హెలికాప్టరు రవాణా విమానమును ఢీకొనగా మంటలు చెలరేగి ఎనిమిదిమంది మరణించిరి. బందీలు 444 దినములు నిర్బంధమున గడపి, సంప్రదింపుల ఫలితముగ 1981 జనవరిలో విడుదలయైరి.

ఇందు చెడిన భాగములు మూడేయైనను అసలు లోపము వానికంటె లోతైనది. యంత్రము దూరము పోలేదు గనుక ఎడారిలో దిగవలసి వచ్చెను. వేగముగ పోలేదు గనుక చీకటి చాలకపోయెను. దిగిన ప్రతి మజిలీయు, గడచిన ప్రతి గంటయు అపాయమునకు తావిచ్చినవి. రాబోవు తరపు యంత్రమునకు దూరము, వేగము అనునవియే తొలి కోరికలగుటకు కారణమిదియే.

ఆ పరాజయము తరువాత 1981లో రాత్రి ప్రయాణములందు ఆరితేరిన ప్రత్యేక హెలికాప్టరు దళమును స్థాపించిరి. అదియే నేడు 160వ రెజిమెంటుగా పిలువబడుచున్నది. 1987లో ప్రత్యేక దళములన్నిటికిని ఒక ఉమ్మడి అధికార పీఠము ఏర్పడెను. చినూక్, బ్లాక్ హాక్ అను హెలికాప్టరులకు ఆకాశముననే ఇంధనము నింపుకొను గొట్టమును, కొండ కోనలను కనిపెట్టుచు నేలనంటి పోవుటకు రాడారును, చీకటిలో చూచు సాధనములను అమర్చిరి. దూరపు చిక్కు కొంత తీరెను. వేగపు చిక్కు మాత్రము తీరలేదు. అది ప్రకృతి నియమములోనే యున్నది.

బ్లాక్ హాక్ రెక్కల కొసలు సెకనుకు సుమారు 220 మీటర్ల వేగముతో తిరుగును. యంత్రము సెకనుకు 75 మీటర్ల వేగముతో, అనగా గంటకు 270 కిలోమీటర్ల చొప్పున, ముందుకు సాగుచున్నదనుకొందము. ముందుకు వచ్చు రెక్క కొసకు తగులు గాలివేగము 295 మీటర్లు. వెనుకకు మరలు రెక్కకు తగులునది 145 మీటర్లే. ప్రయాణ వేగము పెరిగినకొలది ఒక ప్రక్క రెక్క శబ్దవేగమును సమీపించి అదరును. రెండవ ప్రక్క రెక్కకు గాలి చాలక ఎత్తుశక్తి సన్నగిల్లును. ఇంజనునకు ఎంత బలమిచ్చినను ఈ హద్దు తొలగదు.

దీనిని దాటుటకు ఒక ఉపాయము, లేచునప్పుడు రోటరులను ఆకాశమునకును, లేచిన తరువాత ముందునకును త్రిప్పుట. అప్పుడు బరువును విమానమునకువలె స్థిరమైన రెక్కలు మోయును. రోటరులు ముందుకు లాగును. ఆస్ప్రే అను యంత్రము ఈ విధముననే 1989లో తొలిసారి ఎగిరెను. అమెరికా వాయుసేనలోని ప్రత్యేక దళములు దానిని 2009 నుండి వినియోగించుచున్నవి.

అయితే ప్రకృతి దేనిని ఉచితముగ నీయదు. బ్లాక్ హాక్ రోటరు తిరుగునపుడు ఏర్పడు వృత్తము వైశాల్యము సుమారు 210 చదరపు మీటర్లు. ఆస్ప్రే రెండు వృత్తముల మొత్తమును దాదాపు అంతియే. కాని నిట్టనిలువున లేచునప్పుడు బ్లాక్ హాక్ గరిష్ఠ బరువు 10 టన్నులు కాగా, ఆస్ప్రే బరువు దాదాపు 24 టన్నులు. అంతే వైశాల్యమునుండి రెండింతలకు మించిన బరువును ఎత్తవలెనన్న గాలిని అంత ఉధృతముగ క్రిందికి నెట్టవలెను. తూర్పార పట్టువేళ పొట్టు ఎగిరినట్లు దుమ్ము లేచి చోదకుని కన్నులను కప్పును. క్రింద త్రాటితో దిగువారు నిలువలేరు. 2000 ఏప్రిలులో అరిజోనా రాష్ట్రమున ఒక ఆస్ప్రే వేగముగ క్రిందికి దిగుచు, తాను నెట్టిన గాలిసుడిలోనే చిక్కి కూలగా 19 మంది మరణించిరి. 2023 నవంబరులో జపానులోని యకుషిమా దీవి చెంత మరియొకటి కూలి ఎనిమిదిమంది అసువులు బాసిరి. గేరు పెట్టె విఫలమగుట ఒక కారణమని విచారణలో తేలెను. వేగమునిచ్చు యంత్రాంగమే చిక్కులను కూడ పెంచినది.

ఈ అనుభవముల నడుమ 2022 డిసెంబరులో అమెరికా సైన్యము బ్లాక్ హాక్ స్థానమున క్రమముగ ప్రవేశపెట్టుటకు బెల్ సంస్థ వారి వాలర్ నమూనాను ఎన్నుకొనెను. 2017లో తొలిసారి ఎగిరిన ఈ నమూనా పరీక్షలలో 280 నాట్లు, అనగా గంటకు సుమారు 520 కిలోమీటర్ల వేగము నందుకొనెను. ఆస్ప్రేలో ఇంజనులే రోటరులతో కూడ పైకి తిరుగును. వాలర్‌లో ఇంజనులు కదలవు; రోటరులు మాత్రమే తిరుగును. అందువలన వేడి పొగలు నేలను కొట్టవు. సైనికులు ప్రక్క తలుపులనుండి దిగవచ్చును. పూర్వము సాధారణ యంత్రము తయారైన పిమ్మట దానిని విప్పి ప్రత్యేక దళములకై మార్చుచుండిరి. ఇప్పుడు అట్టి మార్పులకు వలయు ఏర్పాట్లను మూల నిర్మాణములోనే చేర్చదలచినారు. ఇల్లు కట్టిన తరువాత గోడను పగులగొట్టుటకంటె, కట్టునాడే తలుపునకు చోటు విడుచుట మేలు గదా!

ప్రతి యోచనయు ఫలింపదు. దాడికి, నిఘాకు ఉద్దేశించిన మరియొక చిన్న హెలికాప్టరు పథకమును 2024 ఫిబ్రవరిలో విరమించిరి. ఉక్రెయిను యుద్ధమున మనుషులు లేని చిన్న విమానములు చేయుచున్న పనిని చూచి, నిఘాకు మనిషిని పంపుట అవసరమా అను ప్రశ్న పుట్టెను. వేరొక ప్రక్క పరుగుబాట లేకుండనే లేచి 400 నుండి 450 నాట్ల వేగమున పోగల ప్రయోగాత్మక విమానమునకై పరిశోధన సాగుచున్నది.

వేగమే సర్వస్వమనుకొనుట పొరపాటు. 2011 మే నెలలో పాకిస్తానులోని అబోటాబాదున బిన్ లాడెను దాగిన ఇంటి ఆవరణలో ఒక హెలికాప్టరు ఎత్తుగోడల నడుమ నిలువలేక నేలకొరిగెను. ఐనను దళము మరలి రాగలిగెను. దగ్గరలోనే చినూకులను సిద్ధముగ నుంచుటయే అందుకు కారణము. ముప్పదియొక్క యేండ్లకు పూర్వము ఎడారి నేర్పిన పాఠమును మరువలేదన్నమాట.

ఎక్కువ వేగము కోరిన నిలుకడ తగ్గును. ఎక్కువ కవచము పెట్టిన దూరము తగ్గును. ఎక్కువ యంత్రాంగము చేర్చిన చెడిపోవు భాగములు హెచ్చును. రూపకర్తలు నిర్ణయింపవలసినది ఏమేమి పొందవలెననుట మాత్రమే కాదు, దేనిని వదలుకొనగలమనుట. యంత్రము మంచిచెడ్డలకు తుది కొలత గడియారములోని వేగము కాదు. వెళ్ళినవారిలో ఎందరు ఇంటికి తిరిగి వచ్చిరన్నదే.