యంత్రశాలలో తీగెల పటము

విశాఖపట్టణపు రేవులోను, ఉక్కు కర్మాగారములోను బొగ్గును, ఇనుప ఖనిజమును మోయు పని నేడు ముఖ్యముగా కన్వేయరు బెల్టులపై నున్నది. రేవు 1933వ సంవత్సరమున తెఱవబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైనది. అట్టి చోట్ల యంత్రముల నాడించు తీగెల పటమును గుఱించి నేడు ముచ్చటింపదలచితిని.

కన్వేయరు బెల్టు అనగా మోటారుచే తిరుగు పొడవైన రబ్బరు పట్టీ. ఒక బెల్టుపై వచ్చిన సరకు రెండవదానిపై పడును. దానినుండి మూడవదానిపై పడును. మూడవది ఆగి, మొదటి రెండును నడచుచుండెనేని సరకు గుట్టగా పడి యంత్రము పూడిపోవును. కావున చివరి బెల్టు ముందు కదలవలయును. ముందున్నది ఆగినంతనే వెనుకనున్నవి ఆగవలయును. ఈ కట్టుబాటును కనిపెట్టి చూచు సాధనమే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరు, వాడుకలో పి.ఎల్.సి.

పూర్వము ఈ పనిని రిలేలను చిన్న విద్యుత్ సాధనములు చేయుచుండెను. పని క్రమము మాఱినపుడెల్ల తీగెలను విప్పి మరల కట్టవలసి వచ్చెడిది. అమెరికాలో మోటారుకార్ల తయారీకి ఈ చిక్కు మిక్కుటము కాగా, డిక్ మోర్లీ అను ఇంజనీరును, ఆయన సహచరులును 1969 ప్రాంతమున మోడికాన్ 084 అను కంట్రోలరును తెచ్చిరి. నాటినుండి పని క్రమము తీగెలలో గాక ప్రోగ్రాములో వ్రాయబడుచున్నది. అయినను తీగెలు పోలేదు. బొత్తాములనుండియు, స్విచ్చులనుండియు వార్తలు కంట్రోలరునకు తీగెలపైననే వచ్చును. దాని ఆజ్ఞలు తీగెలపైననే మోటారు కాంటాక్టరునకు పోవును.

ఈ తీగెల పటము మన గ్రామపు సర్వే పటము వంటిది. ప్రతి పొలమునకు నంబరును, హద్దురాయియు నున్నట్లు, ప్రతి తీగెకు నంబరును, అది చేరు టెర్మినలుకు నంబరును ఉండవలయును. తీగె రెండు కొనలయందును అదే నంబరు గల చిన్న తొడుగు నుండవలయును. తీగె ఒక పుటనుండి వేఱొక పుటకు పోయినచో, ఏ పుటకు పోయెనో అచ్చట వ్రాయవలయును. మోటారునకు పోవు మూడు ఫేజుల తీగెలను ఒక పుటలోను, కంట్రోలరునకు వచ్చు వార్తలను వేఱొక పుటలోను, అది పంపు ఆజ్ఞలను మఱియొక పుటలోను చూపుట మేలు. స్విచ్చులన్నింటిని విద్యుత్తు లేని స్థితియందు, ఎవరును నొక్కని స్థితియందు గీయుట ఆచారము.

ఇక ప్రాణముతో ముడిపడిన విషయము. బెల్టు ప్రక్కను పొడవునను ఒక త్రాడు కట్టియుండును. మనుష్యుడు చిక్కుకొన్నచో దానిని లాగగా బెల్టు ఆగవలయును. ఈ స్విచ్చును ఎప్పుడును మూసియుండునట్లు, లాగినపుడు తెఱచుకొనునట్లు గీయవలయును. అప్పుడు తీగె తెగినను త్రాడు లాగినట్లే యగును; యంత్రమాగును. తలక్రిందుగా గీసినచో తెగిన తీగె సంగతి ఎవరికిని తెలియదు; ఆపదవేళ త్రాడు లాగినను యంత్రమాగదు. మఱియు ఈ తీగెను ప్రోగ్రామునకు మాత్రమే విడువక, మోటారు కాంటాక్టరును నేరుగా ఆపునట్లు, లేదా రక్షణకై ప్రత్యేకముగా నిర్మించిన సాధనము ద్వారా ఆపునట్లు చూపవలయును.

ఇచ్చట క్రొత్తవారిని భ్రమపెట్టు సంగతి యొకటి కలదు. ఆపు బొత్తాము పటములో మూసియున్నట్లు కనబడును; ప్రోగ్రాములో దానికే తెఱచిన గుర్తు కనబడును. ఇది తప్పు కాదు. బొత్తాము మూసియున్నంతవఱకు కంట్రోలరునకు విద్యుత్తు అందుచుండును. అది అందినపుడే నడువుమని ప్రోగ్రాము చెప్పుచున్నది. దీనిని దిద్దబోయి గుర్తు మార్చినచో, బొత్తాము నొక్కినపుడే యంత్రము నడచును!

పటము గీయుటతో పని ముగియదు. పొలము చేతులు మాఱి రికార్డు మాఱకున్న ఎన్ని వ్యాజ్యములు పుట్టునో మీరెఱుగుదురు. రాత్రివేళ ఎవరో తీగె మార్చి పటమున గుర్తింపకున్నచో, మఱునాడు దానిని నమ్మినవాడు విద్యుత్తు లేదనుకొని చేయి పెట్టును. వ్యాజ్యమునకు అప్పీలు కలదు, దీనికి లేదు. కావున మార్పు చేసిననాడే తేదీతో పటమున వ్రాయవలయును. పటమెంత చక్కగా నున్నను, మెయిన్ స్విచ్చు ఆపి, తాళము వేసి, విద్యుత్తు లేదని పరీక్షించిన పిమ్మటనే తీగెను ముట్టవలయును.

మీ గ్రామముల యువకులు ఐ.టి.ఐ. చదివి ఈ పనులలో చేరుచున్నారు. తీగె కలుపుటతోపాటు పటము చదువుటయు, దిద్దుటయు నేర్వుమని వారికి చెప్పుడు. మీ పంచాయతీ నీటి మోటారు స్టార్టరు పెట్టె మూత లోపల తీగెల పటము కలదో లేదో చూడుడు. లేనిచో నేర్చినవానిచే గీయించి అంటింపుడు. రేపు దానిని మరమ్మతు చేయువానికి అది రక్ష యగును.