అరికాలి మచ్చ

కేన్సర్‌ని మన పెద్దలు రాచపుండు అనేవారు. ఆ పేరు వింటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. చర్మానికొచ్చే కేన్సర్ మాటెత్తితే మాత్రం ఎక్కడలేని ధీమా: "అది తెల్లవాళ్ళ జబ్బండీ, మనకెందుకొస్తుంది!"

ఇందులో సగం నిజమే. మన చర్మంలోని మెలనిన్ అనే రంగుపదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. మిగతా సగంతోనే వచ్చింది చిక్కు. చర్మ కేన్సర్లలో మహా ప్రమాదకరమైన మెలనోమా మనబోటి వాళ్ళకి తరచు ఎండ తగలని చోటనే వస్తుంది. అరికాలు, అరిచెయ్యి, గోటి కింద!

జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలికి వచ్చినదాన్ని ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నాడు. 1977లో అది మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలంటే ఒప్పుకోలేదు. 1981 మే 11న పోయాడు. అప్పటికి 36 ఏళ్ళు.

ఇక్కడ కాలం విలువ మిల్లీమీటర్లలో తెలుస్తుంది. మచ్చ చర్మంలో ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టి రోగి భవిష్యత్తు ఉంటుందని 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ వైద్యుడు చూపించాడు. ఒక మిల్లీమీటరు లోపే కోసి తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు. లోతుకు దిగి, రక్తంలోనో గజ్జల్లోని గ్రంథుల్లోనో పడిందా, వైద్యం కష్టం.

మనవాళ్ళేమో ముల్లు విరిగిందనో, ఆనె అనో జీడి పెడతారు, పసరు కడతారు. పాత కాలినమచ్చ మీద మానని పుండు లేచినా ఇదే తంతు. అదీ కేన్సర్ కావచ్చు. కాశ్మీరంలో చలికి ఒంటికి ఆనించుకునే కాంగ్రీ అనే నిప్పుల కుంపటి వల్ల పొట్టమీద, తొడలమీద వచ్చేదీ ఈ కోవదే.

అన్నట్టు, గోరుకి నిలువునా నల్లగీత ఉన్నంతలో హడలిపోనక్కర్లేదు; మనలో అది చాలామందికి సహజం. దెబ్బతగిలి కమిలిన నలుపైతే గోరుతోపాటు ముందుకి జరిగిపోతుంది. జరక్కుండా, ఒక్క గోటికే కొత్తగా వచ్చి, వెడల్పవుతూ పక్క చర్మానికి పాకితే చర్మవైద్యుడికి చూపించాలి.

ముక్క తీసి పరీక్షిస్తామంటే "కత్తి తగిలితే పాకుతుంది" అని ఇంట్లో అడ్డుపడతారు. అది వట్టి అపోహ. ఆ ముక్క చూడందే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే తాతయ్య కాళ్ళు ఓసారి తిప్పి చూడండి. తన అరికాలు తను చూసుకోవడం ఆ వయసులో ఆయన వల్ల కాదు.