పిల్లికి పీనట్ బటర్ పెడుతున్నారా..? విషం కాదు కానీ.. ఈ విషయాలు తెలియకుండా మాత్రం పెట్టొద్దు!

పొద్దున్నే బ్రెడ్ మీద పీనట్ బటర్ రాస్తుంటే చాలు.. ఇంట్లో పిల్లి కాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. పోనీలే పాపం అని చెంచా చివర కాస్త నాకిస్తుంటారు చాలామంది. మరి పల్లీలు, బాదం, జీడిపప్పుతో చేసే ఈ స్ప్రెడ్‌లు పిల్లికి మంచివేనా? ఏది తింటే ఫర్వాలేదు, ఏది తింటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి? తెలుసుకుందాం..

విషమా, కాదా?

పల్లీలు, ఉప్పు మాత్రమే ఉన్న సాదా పీనట్ బటర్ పిల్లికి విషం కాదు. పొరపాటున ఒకసారి నాకితే కంగారు పడక్కర్లేదు. కానీ అది పిల్లి తినాల్సిన ఆహారం కూడా కాదు. పిల్లి శరీరం పూర్తిగా మాంసాహారం మీద బతికేలా తయారైంది. 100 గ్రాముల పీనట్ బటర్‌లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది కదా అని కొందరికి అనిపించవచ్చు. అయితే గుండెకు, కళ్లకు పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన టారిన్ మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. పల్లీల్లో ఉండదు. టారిన్ లోపిస్తే పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్ పరిశోధకులు 1987లోనే తేల్చారు.

ఒక్క చెంచాలో ఎంత ఉందంటే..

అసలు చిక్కు కొవ్వుతోనే. పీనట్ బటర్‌లో దాదాపు సగం కొవ్వే. ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 16 గ్రాములు తింటే 95 కేలరీల దాకా వస్తాయి. ఇంటిపట్టునే ఉండే 4 కిలోల పిల్లికి రోజంతటికీ కావాల్సింది 200 నుంచి 250 కేలరీలే. అంటే ఆ ఒక్క చెంచాతోనే రోజు కోటాలో దాదాపు 40 శాతం అయిపోయినట్టు! చిరుతిళ్ల వాటా రోజు కేలరీల్లో 10 శాతం దాటకూడదని పశువైద్యులు చెబుతారు. రోజూ ఇలా పెడితే పిల్లి బరువు పెరుగుతుంది, వాంతులు, విరేచనాలు కావచ్చు. పైగా జిగురుగా ఉండటంతో గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది.

తీపే తెలియదు.. మరి ఎందుకు ఎగబడుతుంది?

పిల్లి నాలుకకు తీపి రుచి తెలియదు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పనిచేయదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో కనిపెట్టారు. కాబట్టి పిల్లిని లాగేది అందులోని చక్కెర కాదు.. కొవ్వు, ఆ వాసన. ఇష్టంగా నాకుతోంది కాబట్టి దానికి మంచిదే అనుకోవడం పొరపాటు.

చాక్లెట్ స్ప్రెడ్ అయితే ముట్టనివ్వొద్దు

హేజల్‌నట్, కోకో కలిపి చేసే స్ప్రెడ్‌ల సంగతి వేరు. కోకోలో ఉండే థియోబ్రోమిన్, కెఫీన్‌లను పిల్లి శరీరం త్వరగా బయటికి పంపలేదు. గుండె వేగం పెరగడం, వణుకు, వాంతులు, మోతాదు ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. చెంచా చివర అంటిన కాస్తతో ప్రాణం మీదికి రాకపోవచ్చు గానీ, అలవాటు మాత్రం చేయకూడదు.

షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న డబ్బాలో జైలిటాల్ ఉందేమో చూడాలి. లేబుల్ మీద ఇది ఈ967 అని కూడా ఉంటుంది. కుక్కలకు ఇది ప్రాణాంతకం. పిల్లుల మీద అంత ప్రభావం లేదని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పినా, రిస్క్ తీసుకోవాల్సిన అవసరం లేదు. ఇంట్లో కుక్క కూడా ఉంటే ఆ డబ్బా అందకుండా పైన పెట్టడమే మేలు.

పీనట్ బటర్ కంటే పల్లీ చట్నీతోనే ప్రమాదం!

మన ఇళ్లలో ఎక్కువగా మర్చిపోయే విషయం ఇదే. ఇడ్లీ ప్లేటులో మిగిలిన పల్లీ చట్నీని పిల్లి నాకుతుంటే ఎవరూ పట్టించుకోరు. కానీ చట్నీలో వెల్లుల్లి పడుతుంది, కొన్ని ఇళ్లలో ఉల్లిపాయ కూడా వేస్తారు. ఈ రెండూ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. వేయించినా, ఉడికించినా ఆ గుణం పోదు. లక్షణాలు వెంటనే కాకుండా కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం ఎర్రగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

మాత్ర దాచి పెట్టొచ్చా?

మాత్ర మింగించడానికి పీనట్ బటర్ వాడే వాళ్లూ ఉన్నారు. దానికంటే ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క నయం. మాత్ర వేశాక సూది లేని సిరంజితో 5 లేదా 6 మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్క నుంచి మెల్లగా పట్టించాలి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు నీళ్లు లేకుండా వేస్తే ఆహారనాళంలోనే ఇరుక్కుని పుండు పడే అవకాశం ఉంది. ఏ మందును ఆహారంతో కలపొచ్చో ముందే డాక్టర్‌ను అడగాలి.

తినేస్తే ఏం చేయాలి?

సాదా పీనట్ బటర్ కాస్త నాకితే నీళ్లు అందుబాటులో ఉంచి గమనిస్తే సరిపోతుంది. చాక్లెట్ స్ప్రెడ్ గానీ, ఉల్లి, వెల్లుల్లి పడిన చట్నీ గానీ తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఎంత తిన్నదో చెప్పాలి, డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించే ప్రయత్నం అస్సలు చేయొద్దు, అది ఇంకా ప్రమాదం. ఏం తిన్నా తినకపోయినా, ఒక రోజంతా పిల్లి ఆహారం ముట్టకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కాలేయం దెబ్బతినడం అక్కడి నుంచే మొదలవుతుంది.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మీ పిల్లి ఆరోగ్యం విషయంలో పశువైద్యుడి సలహా తీసుకోండి.)