చర్చి తలుపు, మర్రి నీడ

పసిఫిక్‌లోని వనువాటు గురించి మనకు చేరే కథ ఒక్కటే: అక్కడివాళ్లు అమెరికా విమానాలను చూసి బిత్తరపోయి వాటికి మొక్కారట! ఒక జాతిని ఇంతగా చిన్నబుచ్చే కథను ఇంకెంతకాలం చెప్పుకుందాం?

అపోహ: ఆ కథలో చెప్పే ‘జాన్ ఫ్రమ్’ మతం అమెరికా సైనికుల సరుకులు చూసి పుట్టింది.

వాస్తవం: అమెరికా సైన్యం ఆ దీవుల్లో దిగింది 1942లో. టన్నా దీవిలో జాన్ ఫ్రమ్ మాట 1930ల చివరికే వినిపించింది. అప్పటికి ప్రెస్బిటేరియన్ క్రైస్తవ మిషన్ అక్కడ కావా తాగొద్దంది, ఆటపాటలు వద్దంది. కావా ఒక మొక్క వేరుతో చేసే పానీయం. పొద్దువాలే వేళ మర్రిచెట్టు కింద, నకమాల్ అనే చోట, మగవాళ్లు చేరి తాగుతారు. చివరి గుక్కను ఉమ్మి, పూర్వీకులకు తమ మనవి వినిపిస్తారు. అలాంటి చోటును కాదనడమంటే ఊరి రచ్చబండనూ గుడినీ ఒక్కసారే మూసెయ్యడం. తాతలనాటి ఆచారాన్ని వాళ్లు ‘కాస్తోం’ అంటారు. దానికి తిరిగి రమ్మన్న పిలుపే జాన్ ఫ్రమ్. 1941లో జనం చర్చీలు విడిచి వెళ్లిపోయారు. వలస పాలకులు వాళ్ల నాయకులను జైల్లో పెట్టారు. అమెరికా జెండా ఆ తర్వాత వచ్చి చేరింది. ఇప్పటికీ ఫిబ్రవరి 15న దాన్ని ఎగరేస్తారు. జాన్ ఫ్రమ్ సరుకులకోసం చేసిన పూజ కాదు, ఆత్మగౌరవ పోరాటం.

అపోహ: అక్కడ క్రైస్తవాన్ని నాటింది తెల్లవాళ్లే.

వాస్తవం: 1839లో ఎర్రొమాంగో దీవిలో హతుడైన తెల్ల మిషనరీ జాన్ విలియమ్స్ పేరు తరచూ వినిపిస్తుంది. అదే ప్రయాణంలో ఆయన టన్నాలో దింపిన సమోవా బోధకులను తలచేవారు తక్కువ. తోటి ద్వీపవాసులైన అలాంటి బోధకుల్లో ఎందరో జ్వరాలకు బలయ్యారు. విలియమ్స్ హత్య తాలూకు అపరాధాన్ని ఎర్రొమాంగో వాసులు మరచిపోలేదు. 2009లో ఆయన వంశస్థులను పిలిచి, కాస్తోం పద్ధతిలోనే రాజీ చేసుకున్నారు.

అపోహ: చర్చికి వెళ్తే కాస్తోం పోయినట్టే.

వాస్తవం: వనువాటులో అత్యధికులు క్రైస్తవులే. 1980 జూలై 30న స్వతంత్రమైన ఆ దేశానికి తొలి ప్రధాని వాల్టర్ లినీ ఆంగ్లికన్ ప్రీస్టు. రాజ్యాంగ పీఠిక మెలనేసియన్ సంప్రదాయ విలువలనూ దైవవిశ్వాసాన్నీ ఒకే వాక్యంలో చెబుతుంది. సంప్రదాయ పెద్దల మండలికి కూడా అదే రాజ్యాంగంలో చోటుంది. ఇక జాతీయ జెండాలోని పసుపు గీత దీవుల వరుసకూ, సువార్త వెలుగుకూ గుర్తు. దాని పక్కనే కాస్తోం గుర్తులుగా వంకర తిరిగిన పంది కోర, ఆ కోర లోపల నమేలే అనే మొక్క ఆకులు ఉంటాయి.