క్షయ ఉన్న ఇంట్లో కంచం కూడా మందే



క్షయ అనగానే మనకు గుర్తుకు వచ్చేవి రెండే: తెమడ పరీక్ష, ఆరు నెలల మాత్రలు. ఆ రెండూ ముఖ్యమే. వాటితోపాటు మూడోది ఒకటి ఉన్నదని, అది రోగి కంచంలోనూ ఆ ఇంటి వంట గిన్నెలోనూ ఉన్నదని మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద పరిశోధన 2023లో చూపించింది. ఇది డాక్టర్ల పత్రికలో అచ్చయిన విషయమే అయినా ఇంట్లో వంట చేసే ప్రతి తల్లికీ తెలియవలసినది. అందుకే ఈసారి ఈ పేజీలో దాని గురించి వ్రాస్తున్నాను.

పాతరోజుల్లో ఏమి చేసేవారు?

క్షయకు మందు లేని రోజుల్లో వైద్యం అంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లవారు కలిసి నడిపిన శానిటోరియం గురించి మన పెద్దలు చెప్పగా వినే ఉంటారు. అటువంటి చోట్ల రోగులను నెలల తరబడి ఉంచి పాలు, గుడ్లు పెట్టి చూసుకొనేవారు. కొందరు కోలుకొనేవారు, చాలామంది కోలుకొనేవారు కారు.

1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. 1952 నుండి ఐసోనియాజిడ్ వాడకం మొదలయింది. అయితే మన దేశంలో రోగులు లక్షల్లో ఉంటే శానిటోరియం పడకలు వేలల్లోనే ఉండేవి. మరి ఇంట్లో ఉంచి వైద్యం చేయవచ్చా? దీనికి జవాబు చెప్పడానికి 1956లో మద్రాసులో ఒక కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడివారు కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి, ఏడాదిపాటు చూశారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్న పేదరోగులకు అంత మంచి ఆహారం లేకపోయినా, మందులు సరిగా వేసుకొన్నవారు ఇంచుమించు శానిటోరియం రోగుల్లాగానే బాగయ్యారు. అంతేకాదు, రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంట్లోవాళ్ళకు అదనంగా జబ్బు అంటుకోలేదని కూడా తేలింది.

ఇది లోకమంతటికీ దారి చూపిన పరిశోధన. మీరు ఇంటి దగ్గర ఉండి మందులు తీసుకోగలుగుతున్నారంటే దాని చలవే. కాని దానినుండి చాలామంది ఇంకొక మాట కూడా పట్టుకొన్నారు: "మందు ఉంటే చాలు, తిండితో పని లేదు" అని. క్రమేణా క్షయ చికిత్సలో ఆహారం మాట వెనుకబడిపోయింది. మాత్రల లెక్క వ్రాశాము గాని ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని అడగడం తగ్గిపోయింది.

వార్డులో పనిచేసే మాకు ఆ ప్రశ్న రోగులే వేసేవారు. "సిస్టరమ్మా, ఈ మాత్రలు వేసుకొంటే ఆకలి మండిపోతుంది. ఇంట్లో గంజి తప్ప ఏమీ లేదు, ఏం చేయమంటారు?" అని అడిగిన తల్లులు ఎందరో. వారికి ధైర్యం చెప్పేవాళ్ళమే గాని, ఆహారం వల్ల ఇంత మేలు జరుగుతుందని అంకెలతో చెప్పడానికి అప్పట్లో పెద్ద ఆధారం లేదు. ఇప్పుడు ఉన్నది.

జార్ఖండ్‌లో ఏమి జరిగింది?

ఈ పరిశోధన పేరు "రేషన్స్". డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ దీనికి నాయకత్వం వహించారు. భారత వైద్య పరిశోధన మండలి సహాయం చేసింది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కూడా ఇందులో పాలుపంచుకొన్నది. 1956లో మద్రాసులో ప్రారంభమైన ఆ కేంద్రమే ఈనాటి ఈ సంస్థ. తిండి లేకపోయినా మందు పనిచేస్తుందని చెప్పినచోటే, ఆరు దశాబ్దాల తరువాత, తిండి పెడితే ఏమవుతుందో కూడా చూశారన్నమాట.

జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 ఆగస్టు నుండి 2,800 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులను, వారి ఇళ్ళలోని 10,345 మందిని ఇందులో చేర్చుకొన్నారు. వీరిలో ఎక్కువమంది సంతాలు, హో, ముండా, ఒరావు వంటి ఆదివాసీ కుటుంబాలవారు. ఇంట్లోవాళ్ళలో నూటికి 34 మంది పోషణ చాలక చిక్కి ఉన్నవారే. మగరోగుల సగటు బరువు 43 కిలోలకు లోపు, ఆడరోగులది సుమారు 36 కిలోలు. ఎదిగిన మనిషి 36 కిలోలు ఉండటమంటే ఏమిటో ఆలోచించండి.

రోగులందరికీ మామూలు మందులతోపాటు ఆరు నెలలు ప్రతి నెలా 10 కిలోల ఆహారపు మూట ఇచ్చారు. అందులో బియ్యం, పప్పులు, పాలపొడి, నూనె ఉన్నాయి. విటమిన్ మాత్రలు కూడా ఇచ్చారు. రోగులందరికీ ఇది అందింది. తేడా ఇంట్లోవాళ్ళ విషయంలో చూపారు. సగం ప్రాంతాల్లో ఇంట్లోవాళ్ళకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. తక్కిన సగంలో ఇంట్లోవాళ్ళకు అదనంగా ఏమీ ఇవ్వలేదు. తరువాత 2022 జూలై వరకు అందరినీ గమనిస్తూ, ఎవరికి క్షయ వస్తుందో చూశారు.

ఫలితం ఏమిటి?

అదనపు ఆహారం అందని ఇళ్ళలో 4,712 మందికి గాను 122 మందికి క్షయ వచ్చింది. అందిన ఇళ్ళలో 5,602 మందికి గాను 96 మందికి వచ్చింది. తక్కిన తేడాలన్నీ లెక్కలోకి తీసుకొని చూస్తే, ఆహారం అందిన ఇళ్ళలో క్షయ రావడం 39 శాతం తగ్గింది. తెమడలో క్రిములు కనబడే క్షయ అయితే 48 శాతం, అంటే దాదాపు సగం తగ్గింది. ఈ రకమే దగ్గు ద్వారా ఇతరులకు వ్యాపిస్తుంది.

దీనికి వాడినది టీకా కాదు, కొత్త మందు కాదు. మనిషికి రోజుకు సుమారు 165 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు.

రోగుల విషయంలో కూడా ఒక సంగతి బయటపడింది. చికిత్స మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణించే అవకాశం 61 శాతం తక్కువగా ఉన్నది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలే. ఆ రెండు కిలోలు ప్రాణంతో ముడిపడి ఉన్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మన దేశంలో ఎంతోమంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. అందరికీ జబ్బు రాదు. ఒంట్లోని రక్షణశక్తి దానిని కట్టిపెట్టి ఉంచుతుంది. ఆ కాపలాదారులకు కూడా తిండి కావాలి. మాంసకృత్తులు, శక్తి చాలకపోతే కాపలా సన్నగిల్లి, క్రిమి లేస్తుంది. షుగరు జబ్బు, హెచ్.ఐ.వి., సారా, పొగాకు కూడా ఈ కాపలాను బలహీనపరుస్తాయి. మన దేశంలో పోషణలోపమే ఇందులో పెద్ద కారణం.

ఒక హెచ్చరిక. ఆహారం మందుకు బదులు కాదు. గుడ్లు తింటున్నాను గదా అని మాత్రలు మానితే క్రిమి మందుకు లొంగని రకంగా మారుతుంది. జార్ఖండ్‌లో కూడా రోగులందరూ మందులు వేసుకొంటూనే ఆహారం తీసుకొన్నారు.

మన ఇళ్ళలో జరిగే పొరపాట్లు

పథ్యం పేరుతో కడుపు మాడ్చడం: "గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు దగ్గు తెస్తుంది, పప్పు అరగదు" అని రోగికి చారన్నమే పెడుతుంటారు. క్షయకు అటువంటి పథ్యం లేదు. గుడ్డు, పాలు, పెరుగు, పప్పు, చేపలు, మాంసం అన్నీ తినవచ్చు.

తల్లి పస్తు ఉండటం: భర్తకు జబ్బు చేస్తే భార్య తన వంతు కూడా అతనికే పెట్టి తాను గంజినీళ్ళతో సరిపెట్టుకొంటుంది. తరువాత ఆమె కూడా దగ్గుతూ మా దగ్గరకు వస్తుంది. ఈ పరిశోధన ముఖ్యంగా చెప్పేది ఇదే. రోగి ఒక్కడే తింటే చాలదు, ఇల్లంతా తినాలి. అమ్మా, మీరు తినడం స్వార్థం కాదు, మీ పిల్లలకు కాపుదల.

కంచం, గ్లాసు వేరుచేయడం: క్షయ దగ్గు తుంపరల ద్వారా గాలిలో వ్యాపిస్తుంది గాని కంచం వల్ల కాదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. సరైన మందు మొదలుపెడితే అంటించే గుణం త్వరగా తగ్గిపోతుంది. ఒక్కడే మూలన కూర్చొని తినేవాడికి అన్నం సహించదు. దగ్గర కూర్చోబెట్టుకొని పెట్టండి.

ఏమి పెట్టాలి?

హార్లిక్స్ డబ్బాలు, ఖరీదైన పొడులు కొననవసరం లేదు. రోజూ పప్పు తప్పనిసరి. దానితోపాటు ఒక గుడ్డు లేక గ్లాసు పాలు. నానబెట్టిన పల్లీలు, పుట్నాల పప్పు, రాగి జావ, ఉడకబెట్టిన శనగలు, మునగాకు, తోటకూర, దొరికినప్పుడు చిన్న చేపలు. ఒక్కసారి ఎక్కువ తినలేకపోతే అయిదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. అన్నంలో ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని కలపండి.

బాగా ఎండిపోయి లేవలేని స్థితిలో ఉన్నవారికి మాత్రం ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు, ప్రమాదం. వారిని ఆసుపత్రిలో చేర్చండి. షుగరు ఉన్నవారు ఏమి తినాలో డాక్టరుగారిని అడగండి.

ఆసుపత్రికి వచ్చినప్పుడు

రెండు వారాలు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే తెమడ పరీక్షకు రండి. మందు మొదలుపెట్టాక ప్రతిసారీ బరువు చూడమని మీరే అడగండి, కార్డు మీద వ్రాయించుకోండి. రెండు నెలలకు బరువు పెరగకపోతే డాక్టరుగారికి తప్పక చెప్పండి. బరువును బట్టి మందు మోతాదు కూడా మారుతుంది. మాత్రల వల్ల మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి. ఇంట్లో ఉన్న అందరినీ, ముఖ్యంగా పసిపిల్లలను, ఒకసారి చూపించండి. జబ్బు లేదని తేలినవారికి అది రాకుండా ఉండే మందు కూడా ఉంది.

ప్రభుత్వ సహాయం, సంఘం సహాయం

2018 ఏప్రిల్ నుండి నిక్షయ్ పోషణ యోజన క్రింద క్షయ రోగులకు చికిత్సకాలంలో నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. మిషన్ ఆసుపత్రిలోనో ప్రైవేటు ఆసుపత్రిలోనో వైద్యం చేయించుకొనేవారికి కూడా ఇది వర్తిస్తుంది. పేరు నమోదు కావాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. ఆశా కార్యకర్తను గాని మా కౌంటరులో గాని అడగండి. సిగ్గుపడవద్దు, అది మీ హక్కు.

2022 సెప్టెంబరులో ప్రారంభమైన నిక్షయ్ మిత్ర పద్ధతి ద్వారా, రోగి అంగీకారంతో, ఎవరైనా కనీసం ఆరు నెలలు ఆ రోగికి ఆహారపు మూట ఇవ్వవచ్చు. ఒక మనిషి ఇవ్వవచ్చు, ఒక సంఘం కూడా ఇవ్వవచ్చు.

ఇక్కడ మన సంఘాలకు ఒక మనవి. వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసి దేవునికని దాచే అలవాటు మన తల్లులకు ఉన్నది. కోత పండుగకు ధాన్యం, కూరగాయలు తెచ్చే అలవాటూ ఉన్నది. ఒక మనిషికి నెలకు కావలసినది 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. స్త్రీల సమాజం వారు తలచుకొంటే ఒక్కొక్క సంఘం ఒక్కొక్క కుటుంబాన్ని ఆరు నెలలు నిలబెట్టగలదు. అయితే రోగి పేరు ఆరాధనలో చదవవద్దు, ఫోటోలు తీయవద్దు. మూట నిశ్శబ్దంగా ఇంటికి చేరనివ్వండి. పేరు బయటపడుతుందన్న భయంతో మందు మానేసేవారున్నారు.

యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు చేసిన ఒక చిన్న పని మనం అంతగా గమనించము. ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని ఇంటివారికి చెప్పాడు. బ్రతికించడంతో పని అయిపోలేదు, అన్నం పెట్టే వంతు ఇంటివారికి మిగిలింది. మాత్రలు ఇవ్వడం మా వంతు, వేళకు మింగడం రోగి వంతు, ఆ ఇంటి గిన్నె ఖాళీగా ఉండకుండా చూడటం మనందరి వంతు.

ఈ వారం మీ వీధిలో క్షయ మందు వాడుతున్న ఇల్లు ఏదైనా ఉంటే, పలకరించడానికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు అరడజను గుడ్లో, కిలో కందిపప్పో పట్టుకొని వెళ్ళండి. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్