స్వైన్‌ఫ్లూ: ఆయాసం వచ్చేదాకా ఆగొద్దు

చలి మొదలైతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఇంటికొకరు దగ్గుతూ కనిపిస్తారు. చాలామందిది మామూలు జలుబే. కొందరికి మాత్రం అది స్వైన్‌ఫ్లూ కావచ్చు.

దేశంలో తొలి కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. 2015 ఆరంభంలో తెలంగాణను మళ్లీ వణికించింది. ఆ ఏడాది దేశంలో 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. ఈ హెచ్1ఎన్1 వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే సీజనల్ ఫ్లూలో భాగమైపోయింది. విజయవాడ హైవే మీద కిక్కిరిసిన బస్సులు, సంక్రాంతి ప్రయాణాలు, పెద్దగట్టు జాతర వంటి రద్దీ దానికి అనుకూలం.

ఎలా సోకుతుంది?

రోగి దగ్గినా, తుమ్మినా వెలువడే తుంపరలతో వ్యాపిస్తుంది. ఆ తుంపరలు పడిన వస్తువులను ముట్టుకుని ముక్కు, నోరు, కళ్లు తాకినా రావచ్చు. లక్షణాలకు ఒకరోజు ముందు నుంచి సుమారు వారం దాకా ఇతరులకు అంటుతుంది. బాగా ఉడికించిన పంది మాంసం తింటే రాదు.

ఎవరికి ముప్పు?

గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు జ్వరం, దగ్గు మొదలవగానే డాక్టర్‌ను కలవాలి. ఒసెల్టామివిర్ మందు 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ‘సూదిమందు వేయించుకుంటే తగ్గుతుందిలే’ అని తిరిగితే ఆ విలువైన సమయం చేజారుతుంది. వైరస్‌పై యాంటిబయాటిక్స్ పనిచేయవు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఆయాసం, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం, పెదవులు నీలంగా మారడం, మగత, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, పిల్లలు పాలు తాగకపోవడం ప్రమాద సంకేతాలు. వెంటనే ఆక్సిజన్ సౌకర్యమున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

నివారణ

• దగ్గేటప్పుడు మోచేతిని అడ్డుపెట్టుకోండి.
• సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కోండి.
• జ్వరం తగ్గాక మరో రోజు గడిచేవరకు పిల్లల్ని బడికి పంపొద్దు.
• రోగికి గాలి వచ్చే విడి గది, మాస్కు, తగినన్ని ద్రవాలు, విశ్రాంతి ఇవ్వండి.
• కర్పూరం, యాలకుల మూటలను నమ్ముకోవద్దు.
• ముప్పు ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కనుక సీజన్‌కు ముందే తీసుకోండి.