గోధుమ పడనివారికి చాక్లెట్ లేహ్యం

రాజమండ్రిలో ఉన్న మా చెల్లెలి మనుమరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం వరకు ఆ పిల్ల ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. పొట్ట ఉబ్బరం, తరచు విరేచనాలు, పాలిపోయిన ముఖం, వయస్సుకు తగిన ఎదుగుదల లేకపోవుట. నులిపురుగులని మందు వేశారు. రక్తహీనత అని ఇనుము టానిక్కులు త్రాగించారు. నేను కూడా గ్రహణీ దోషమని భావించి దీపన పాచన ఔషధములు ఇచ్చి చూశాను. నాలుగు రోజులు గుణం కనిపించి మళ్లీ మొదటికే వచ్చేది. చివరకు ఒక పిల్లల వైద్యుడు రక్తపరీక్ష చేయించి, ఆపై చిన్నప్రేగు లోపొర నుండి చిన్న ముక్క తీసి చూచి, ఇది సీలియాక్ వ్యాధి అని నిర్ణయించాడు. నాటి నుండి పిల్లకు గోధుమ మానిపించారు. ఆరు నెలలకే ముఖంలో కళ వచ్చింది.

కిందటి సంక్రాంతికి మేనమామ అమెరికా నుండి వస్తూ హేజిల్‌నట్ చాక్లెట్ పేస్టు సీసా ఒకటి తెచ్చాడు. కేకులు, బిస్కట్లు అన్నీ నిషిద్ధమైన ఆ పిల్లకు అదొక పండుగ. తల్లి చదువుకున్న మనిషి, సీసా మీది అక్షరాలన్నీ చదివి గోధుమ లేదని తేల్చుకొన్న తరువాతనే ఇచ్చింది. పది రోజులు గడిచేసరికి కడుపునొప్పి, విరేచనాలు తిరిగి మొదలు. "చాక్లెట్ వేడి చేసిందంటావా అన్నయ్యా? సీసా అవతల పారేయమంటున్నాను" అని మా చెల్లెలు ఫోను చేసింది. పారవేయవద్దు, నేను వచ్చి చూస్తానని చెప్పాను.

వెళ్లి మూత తీసి చూడగా సంగతి తెలిసింది. పేస్టులో అక్కడక్కడ రొట్టె పొడి అంటుకొని ఉన్నది. పిల్లవాడు, అంటే ఆ అమ్మాయి అన్న, బ్రెడ్డు మీద రాసుకొన్న చెంచానే మళ్లీ సీసాలో ముంచుతున్నాడు. దోషం చాక్లెట్‌ది కాదు, చెంచాది.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగుటకు కారణం అదే. సీలియాక్ వ్యాధి గలవారిలో ఈ గ్లూటెన్ తగిలినప్పుడు శరీర రక్షణశక్తి తన చిన్నప్రేగునే శత్రువుగా భావించి దెబ్బతీస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకొనే మెత్తని కేశముల వంటి చూషకాలు అరిగిపోయి ప్రేగు లోపొర చదునవుతుంది. అందువలన ఇనుము, కాల్షియం, కొవ్వు ఏవీ ఒంటికి చేరవు. గోధుమకు, ఈ వ్యాధికి గల సంబంధాన్ని గుర్తించినవాడు విల్లెమ్ కారెల్ డికె అనే హాలెండు దేశపు పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలపు కరవులో ఆ దేశంలో రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు తేరుకొనుట, రొట్టె తిరిగి రాగానే జబ్బు తిరగబెట్టుట ఆయన అభిప్రాయానికి బలం చేకూర్చాయి. 1950లో ఆయన ఈ విషయమై సిద్ధాంత గ్రంథం సమర్పించాడు.

మన దేశంలో గోధుమ ప్రధానాహారమైన ఉత్తరాదిన ఈ వ్యాధి ఎక్కువ, అన్నం తినే దక్షిణాదిన తక్కువ. తక్కువ కనుకనే ఇక్కడ ఆలస్యంగా గుర్తిస్తారు. మనలో మనమాట, శాస్త్రంలో గోధుమను బలకరమని, బృంహణమని పొగిడినందువలన నావంటి వారికి కూడా దానిపై అనుమానం రాలేదు. ఒక ముఖ్య విషయం: అనుమానం రాగానే గోధుమ మానివేసి తరువాత పరీక్షకు వెళ్లరాదు. మానినందువలన రక్తపరీక్షలో జబ్బు కనిపించకపోవచ్చును. నిర్ధారణ అయిన పిదప జీవితాంతం మానవలసినదే. ఏ చూర్ణము, ఏ అరిష్టము దీనికి బదులు కాదు. తోబుట్టువులకు కూడా పరీక్ష అవసరం. మా పిల్లవాడికి చేయించగా లేదని తేలింది. జబ్బు లేనివారు ఫ్యాషనుగా గోధుమ మానుట వలన వచ్చే లాభమేమీ లేదు.

ఇక ఆ సీసాలోని పదార్థం సంగతి. హేజిల్‌నట్ మన తెలుగునేల పంట కాదు. టర్కీలో అత్యధికంగా పండుతుంది, ఇటలీలోని పీడ్‌మాంట్ కొండలలో పండేది రుచికి ప్రసిద్ధి. ఆ పీడ్‌మాంట్ రాజధాని టూరిన్‌లో, కోకో ప్రియమైన రోజులలో, చాక్లెట్‌లో ఈ పప్పు నూరి కలిపే అలవాటు ఏర్పడింది. జాండూయా అని దానికి పేరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మళ్లీ కోకో కొరత రాగా ఆల్బా పట్టణపు మిఠాయి వ్యాపారి పియెత్రో ఫెరేరో 1946లో ఇటువంటి ముద్దనే తయారుచేసి అమ్మాడు. కోసి రొట్టెలో పెట్టుకొనే ఆ గడ్డ 1951 నాటికి రాసుకొనే మెత్తని పేస్టు అయింది. 1964లో ఆయన కుమారుడు మిచేలే దానికి నుటెల్లా అని పేరు పెట్టాడు. మన లేహ్యాలకు దూరపు చుట్టమని నా ఉద్దేశం!

పంచదార, పామాయిల్, హేజిల్‌నట్లు, పాలపొడి, కోకో, లెసిథిన్, వెనిలా వాసన – ఈ పేస్టులలో సాధారణంగా ఉండేవి ఇవి. వీటిలో గ్లూటెన్ లేదు. అయినా ప్రతి సీసా ఒకటి కాదు. బిస్కట్ పొడి, కరకరలాడే పలుకులు, మాల్టు కలిపిన రకాలు కూడా ఉన్నాయి. మాల్టు అనగా సాధారణంగా బార్లీయే. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేని పదార్థాన్నే గ్లూటెన్ రహితమని వ్రాయుటకు మన ఆహార నియమాలు అనుమతిస్తాయి. ఆ మాట ఉన్నదేమో ప్రతిసారీ చూడవలెను. నిర్ధారణ అయిన తొలి నెలలలో ప్రేగు దెబ్బతిని ఉండుట చేత కొందరికి పాలు కూడా అరగవు, అట్టివారు పాలపొడి ఉన్న పేస్టు కొంతకాలం ఆగి మొదలుపెట్టుట మేలు.

మా చెల్లెలి వంటగదిలో ఆ రోజు నేను మరి మూడు దొంగలను పట్టుకొన్నాను. మొదటిది ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలా వాటిలో మైదా కలుపుతారు. చారులో రోజూ పడుతున్నదదే. బియ్యప్పిండితో కలిపిన రకం కొనవలెను. రెండవది మూత్రంలో మంటకు మనందరం చెప్పే బార్లీ నీళ్లు. ఈ పిల్లలకు అది విషంతో సమానం, ధనియాల నీరు ఇవ్వవచ్చును. మూడవది పిండిమర. ముందు ఎవరో గోధుమలు ఆడించిన మరలోనే మన బియ్యమో, జొన్నలో ఆడిస్తే పిండిలో గోధుమ తప్పక కలుస్తుంది. కడిగి ఆరబెట్టిన బియ్యాన్ని ఇంటి మిక్సీలో పట్టుకొనుటయే క్షేమం.

బ్రెడ్డు లేకపోతే దేనిమీద రాసుకోవాలి తాతయ్యా అని అడిగింది పిల్ల. గోదావరి జిల్లా పిల్లకు ఆ సందేహమా? మినప్పప్పు, బియ్యపురవ్వతో కాల్చిన దిబ్బరొట్టె ముక్క వేడివేడిగా ఉండగా దానిపై రాస్తే చాక్లెట్ కరిగి జారుతుంది. పలుచని అట్టు, జొన్నరొట్టె, అరటిపండు చక్రాలు కూడా బాగుంటాయి. పెసరట్టు మాత్రం నాకు నచ్చలేదు.

ఇంట చేసుకొనే విధం ఇది. హేజిల్‌నట్లు 150 గ్రాములు సన్నని సెగపై పది నిమిషాలు దోరగా వేయించి, గుడ్డలో వేసి రుద్ది పొట్టు తీయవలెను. దొరకనిచోట జీడిపప్పు గాని, వేరుశనగపప్పు గాని వాడవచ్చును. వెచ్చగా ఉండగానే మిక్సీలో ఆగి ఆగి పట్టవలెను. ముందు పొడి, తరువాత ముద్ద, ఓపిక పట్టితే నూనె వదలి జారుగా అవుతుంది. అప్పుడు పటికబెల్లం పొడి 60 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 20 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు ఏలకుల పొడి, రెండు చెంచాల కరిగిన నెయ్యి వేసి మళ్లీ త్రిప్పవలెను. నీటి తడి తగిలితే గడ్డకట్టి, త్వరగా చెడిపోతుంది. బెల్లంలో చెమ్మ ఉండును గనుక పనికిరాదు. దేశంలో కోకో అధికంగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, గోదావరి ప్రాంతపు కొబ్బరి తోటల నీడన. కనుక కోకో పొడికి విదేశీ సీసా అక్కరలేదు. పొడిసీసాలో రెండు వారాలు నిలువ ఉంటుంది.

గుణములు చూస్తే ఇది గురువు, స్నిగ్ధము, మధురము, కఫకరము. బజారు పేస్టు బరువులో సగానికి పైగా పంచదారే. ఇంటిదానిలో అందులో సగమే అయినా మితం తప్పరాదు. ఉదయం ఆకలి బాగుగా వేసినప్పుడు ఒక చెంచా చాలును. జలుబు, దగ్గు, అజీర్ణం ఉన్నప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు పనికిరాదు. పప్పుగింజలు పడని పిల్లలకు అసలే పెట్టరాదు.

ఇప్పుడు ఆ ఇంట రెండు సీసాలు ఉన్నాయి. అమ్మాయి సీసా మూతకు ఎర్రదారం కట్టి, దానికొక ప్రత్యేకమైన చెంచా పెట్టారు. మొన్న నేను వెళ్లినప్పుడు చెంచా కొసరుగా ఒకటి నాకూ ఇచ్చి, "నీ చేతికి బ్రెడ్డు అంటలేదు కదా తాతయ్యా?" అని అడిగి మరీ ఇచ్చింది.